కాజ్ బావ పెట్టుబడి కారు

మా అక్క లొరెటా మొగుడి పూర్తి పేరు కాసిమిర్ డ్రోజ్‌డోవ్‌స్కీ. అంత పేరు పలికే ఓపిక మా వయాన్‌డాట్‌లో ఎవరికీ లేదు కనుక ఊరందరికీ కాజ్, నాకు కాజ్ బావ. డెట్రాయిట్ దిగువన, నది ఒడ్డున కార్ల ఫ్యాక్టరీలో రేకులు అచ్చుగుద్దే యంత్రాల దగ్గర ముప్ఫై ఏళ్ల పైచిలుకు పనిచేశాడు. ఆ మోతకి ఎడమ చెవి పోయింది. నిజంగా పోయిందో, భోజనాల బల్ల దగ్గర అక్క ఆ వైపే కూర్చుంటుందని పోయినట్టు నటిస్తున్నాడో చెవుల డాక్టరు కూడా తేల్చలేకపోయాడు.

రిటైరైన మరుసటి వసంతంలో బావ ఒక కారు కొన్నాడు. ఊరికి ఉత్తరాన, బీట్‌దుంపలు పండించే ఒక రైతు కోళ్ల షెడ్డులో దొరికింది. పంతొమ్మిది వందల డెబ్బై నాటి నైట్‌హాక్. పైకప్పు మడిచే రకం, చేత్తో గేర్లు మార్చే రకం, అన్నిటికంటే పెద్ద ఇంజన్ పెట్టిన రకం. ఈ మూడూ కలిసిన బండ్లు ఆ ఏడాది మొత్తం మీద నూరు కూడా బయటికి రాలేదట. మా కుర్రతనంలో అలాంటిది వీధిలో వెళ్తే ముందు కిటికీ అద్దాలు ఊగేవి, తరవాత బండి కనపడేది.

షెడ్డులో ఉన్నది మాత్రం అద్దాలు ఊపే స్థితిలో లేదు. నేల రేకు లేదు. సీట్ల మీద పాతికేళ్ల కోళ్ల రెట్ట రాయిలా గట్టిపడి ఉంది. నేను స్కూలు బస్సు నడుపుతాను. ఆ శనివారం సెలవు కావడం నా ఖర్మ. బండిని అద్దె ట్రెయిలర్ మీదికి ఎక్కించి, ఇద్దరం ఇంటికి తెచ్చి గరాజు ముందు ఆపాం. అక్క తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. అంతలో వెనక సీటు కింద నుంచి ఒక ఎర్రకోడి దిగి, ఒళ్లు దులుపుకుని, మా ముగ్గుర్నీ చూసింది.

“కారు కొన్నావా, కోడిని కొన్నావా?” అంది అక్క.

“కారు కొన్నా. కోడి ఉచితం.”

“ఎంత పోశావు?”

“ఆరు వేలు.”

“ఆరు వేల డాలర్లు పెట్టి తుప్పు కొనుక్కొచ్చావా మహానుభావా?”

“ఇది ఖర్చు కాదు లొరెటా, పెట్టుబడి. బ్యాంకులో వేస్తే ఏమొస్తుంది? మూడు శాతం. ఇలాంటిది మొన్న అరిజోనా వేలంలో లక్ష దాటింది. బాగుచేసి అమ్మితే మన ముసలితనం మూడు పువ్వులు ఆరు కాయలు.”

“బ్యాంకులో వేసిన డబ్బు మీద కోడి రెట్ట వెయ్యదు కాజ్.”

బావ ఎడమ చెవి అటు తిప్పాడు. సంభాషణ ముగిసింది.

తరవాత మూడేళ్లూ బావ గరాజులోనే బతికాడు. తుప్పు సంగతి బట్టతల లాంటిది. ఇక్కడితో ఆగిందనుకున్న చోటునుంచి ఇంకో జానెడు వెనక్కి పోతుంది. గోకిన కొద్దీ కారు తగ్గిపోయింది. ఒక దశలో మిగిలిన ఇనుము చూసి, “బావా, నీ దగ్గర ఉన్నది కారు కాదు, కారు జ్ఞాపకం” అన్నాను. కొత్త నేల అతికించాడు. తలుపులకి కొత్త కింది అంచులు కొట్టాడు. వెనక దీపం ఎర్ర అద్దం ఒకటి విరిగి ఉంటే, అచ్చం అలాంటిదే నెబ్రాస్కాలో ఒకాయన దగ్గర దొరికింది. దాని ధర విని అక్క తన వంటింటి ఫ్రిజ్ తలుపు తెరిచి, “ఇందులో దీపం కూడా ఉంది, చల్లగా కూడా ఉంటుంది, దానికంటే చవక” అంది.

ఖర్చు ఎక్కడా రాయకూడదని అక్క ఖండితంగా చెప్పింది. “రాశావనుకో, చదవాల్సి వస్తుంది. చదివానంటే ఈ ఇంట్లో ఒకరే మిగుల్తారు.” అంచేత లెక్కలన్నీ బావ తలలోనే ఉండేవి. అక్కడ అవి ఎండలో పెట్టిన మంచుగడ్డలా రోజురోజుకీ చిన్నవవుతూ ఉండేవి.

రంగు వేసేశాక, పండునిమ్మ పసుపు మెరిసిపోతుంటే, వెల కట్టే మనిషిని పిలిచాడు. డెల్‌బర్ట్ ష్యాంక్ అని, సన్నగా ఈటెలా ఉండే పెద్దమనిషి. కారు చూసి ఆహా అన్లేదు, ఓహో అన్లేదు. తెల్ల దుప్పటి పరుచుకుని, వెల్లకిలా కిందికి దూరి, పళ్ల డాక్టరు అద్దంలాంటిదాంతో ఇంజన్ ఒంటి మీద ఏవో అంకెలు చదివాడు. లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

“జాతకాలు కలవలేదండీ.”

“అంటే?” అన్నాడు బావ.

“కారు ఒంటి మీద ఒక నంబరు చెక్కి ఉంటుంది. పుట్టినప్పుడు దాంతో వచ్చిన ఇంజన్ మీదా అదే నంబరు ఉంటుంది. ఇందులో ఉన్నది ఏదో కుటుంబాల బండిలోంచి తీసిన చిన్న ఇంజన్. పెళ్లికూతురు బాగుంది, పక్కన నిలబడ్డవాడు పెళ్లికొడుకు కాదు.”

“ఇంజన్ ఇంజనే కదా!”

“మీకు. కొనేవాళ్లకి కాదు. సొంత ఇంజన్‌తో అయితే ఇవాళ తొంభై వేలు. ఇలాగైతే ముప్ఫై. కొనేవాడు కాస్త తాగి ఉంటే ముప్ఫై అయిదు.”

ష్యాంక్‌కి గసగసాల రొట్టె ముక్క పెట్టి, కాఫీ పోస్తున్న అక్క చెయ్యి గాల్లో ఆగింది. “ఇప్పటికి ఎంత పెట్టావు కాజ్?”

“అటూ ఇటూగా... ముప్ఫై.”

“అటా, ఇటా?”

“అటే.”

అక్క ష్యాంక్ పళ్లెంలోంచి రొట్టె ముక్క వెనక్కి తీసుకుంది. ఆయన తప్పేమీ లేదు పాపం. దగ్గర్లో ఉన్నాడు, అంతే.

ఇంకొకడైతే అక్కడితో అమ్మేసి, చేతులు కడుక్కుని, చెట్టు మీద పిట్టల్ని చూసుకుంటూ కూర్చునేవాడు. కాజ్ బావ కళ్లల్లో మాత్రం ఆ రాత్రి భోజనం దగ్గర ఒక మెరుపు చూశాను. ఇంతవరకూ ఆయన చేసింది పని. ఇప్పుడు దొరికింది వేట. మర్నాడు పొద్దున్నే రైతుకి ఫోన్ చేశాడు. పెట్రోలు బంకుల దగ్గర మైలు పొడుగు వరసలు కట్టిన రోజుల్లో తన తమ్ముడు ఆ తాగుబోతు ఇంజన్‌ని పీకేసి, మంచు మీద నడిపే రెండు స్కూటర్లకి మారకం వేశాడని రైతు చెప్పాడు. ఎవరికి? పెద్ద వంతెనకి అవతల, ఉత్తరాన అడవుల్లో ఒక ఫిన్లాండ్ వాడికి. పేరు గుర్తులేదు. ఏదో మంచు గుట్ట కట్టుకున్నాడని మాత్రం గుర్తుంది.

మా ఉత్తరాన మంచు గుట్టల మీద జారే ఆట ఆడేవాళ్లకి, పైకి ఎక్కడానికి ఒక మోకు తిరుగుతూ ఉంటుంది. కిందా పైనా చక్రాలు, వాటి చుట్టూ మోకు, దాన్ని తిప్పడానికి ఏదో ఒక పాత ఇంజన్. మోకు పట్టుకుంటే అదే ఈడ్చుకుపోతుంది. బావ ఆ అడవుల్లో ఉన్న ప్రతి గుట్టకీ ఫోన్లు చేశాడు. చలికాలం మధ్యలో ఒక ముసలి గొంతు పలికింది. పేరు ఐలి కిన్నునెన్. ఆమె మొగుడు పోయాక గుట్ట ఆమే నడుపుతోంది. ఆ ఫోను నేను పక్కనుండి విన్నాను.

“మీ గుట్ట మోకు లాగే ఇంజన్ ఏదమ్మా?”

“పెద్దది.”

“ఎంత పెద్దదండీ?”

“పోయినేడు ఒక పాస్టరుగారిని తీసుకెళ్లి చెట్టుకి కొట్టింది. అంత పెద్దది.”

బావ ఫోను గుండెలకి అదుముకుని నా వైపు తిరిగాడు. “నార్బీ, అదేరా. అదే.”

శుక్రవారం మధ్యాహ్నం నా బస్సు డ్యూటీ దిగగానే బయల్దేరాం. వంతెన దాటాక ఇంక ఊళ్లు లేవు, చెట్లూ మంచూ తప్ప. శనివారం ఉదయానికి ఐలి గుట్ట చేరాం. ఆమె టికెట్ల గదిలో ఉంది. డెబ్బై దాటిన మనిషి, ఉన్ని టోపీ, కోటు మీద కోటు. ఆమె పక్కన ఒక లివర్. దాన్నుంచి తీగ గుట్ట పైదాకా పోతోంది. ఇంజన్ ఎంత జోరుగా తిరగాలో ఆమె ఇక్కణ్ణుంచే నిర్ణయిస్తుంది. ఇంజన్ పైన చిన్న చెక్క కొట్లో ఉంది. దాని ఉరుము కిందికి వినిపిస్తోంది. మోకు పట్టుకున్న పిల్లలు కళ్లు మూసి తెరిచేలోగా పైన ఉంటున్నారు. వాళ్ల చేతి తొడుగుల మీద తోలు అట్టలు కుట్టి ఉన్నాయి. లేకపోతే పొగలు వస్తాయట.

“ఒక్కసారి ఇంజన్ చూసి వస్తామమ్మా. నంబరు చదవాలి,” అన్నాడు బావ.

“మోకు పట్టుకుని వెళ్లు.”

“నడిచి వెళ్తాంలెండి.”

“నడవకూడదు. మంచు పాడవుతుంది. టికెట్ ఎనిమిది డాలర్లు. జారుడు పలకలు అద్దెకి ఇస్తా, అది వేరే.”

“ఇంజన్ కాసేపు ఆపుతారా పోనీ?”

“పిల్లలున్నారు.” అంతే. ఐలికి మాటలు కూడా చలికాలం కట్టెల్లాంటివి, ఊరికే కాల్చదు.

బావ టికెట్ కొన్నాడు. అరవై నాలుగేళ్ల వయసు, రెండు వందల అరవై పౌండ్ల బరువు, జీవితంలో కాళ్లకి బూట్లు తప్ప ఏమీ తగిలించుకోని మనిషి, పలకలు కట్టుకుని మోకు దగ్గరికి పెంగ్విన్‌లా నడిచాడు. ఒక పాప దయతలచి చెప్పింది: “తాతా, గట్టిగా పట్టుకోకు. నెమ్మదిగా బిగించు.” ఆ పాప ఉన్నది ఎడమ చెవి వైపు. బావ రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఐలి, పెద్ద బరువు కదా అని కనికరించి, లివర్ ఇంకాస్త లాగింది.

మా బావని అంత వేగంగా నేను ఎన్నడూ చూడలేదు, ఫ్యాక్టరీలో సైరన్ మోగినప్పుడు కూడా. మొదట కాళ్లు వెళ్లలేదు, చేతులు వెళ్లాయి. మనిషి రెండింతలు పొడుగయ్యాడు. తరవాత కాళ్లు కూడా వెళ్లాయి, కానీ పలకలు కిందే ఉండిపోయాయి. పొట్ట మీద జారుకుంటూ, మంచు రెండు వైపులా లేస్తుంటే, “మేరీ మాతా” అనే కేక పైకి పోతూ పోతూ సన్నబడింది. మోకు వదిలేయాలన్న ఆలోచన ఆయనకి రాలేదు. అడిగితే, “నా ఇంజన్ లాగుతోంటే నేనెందుకు వదుల్తానురా?” అన్నాడు తరవాత.

కాసేపు ఏమీ లేదు. నేను టోపీ తీశాను. అప్పుడు పైన చెక్క కొట్టు తలుపు తెరుచుకుని, ముఖం నిండా మంచూ, చేతుల నిండా గ్రీజూతో బావ కనిపించాడు.

“నార్బీ! కలిశాయిరా! అన్ని అంకెలూ కలిశాయి!”

ఐలి నా వైపు తిరిగింది. “ఆ మనిషికి పెళ్లాం ఉందా?”

“మా అక్కేనండి.”

“పాపం.”

ఆ సాయంత్రం ఆమె వంటింట్లో ఏలకుల రొట్టె, కాఫీ పెట్టి, బావ చెప్పిందంతా విని, “అమ్మను” అంది.

“ఎంతైనా ఇస్తానమ్మా. అడగండి.”

“డబ్బులు గుట్ట మీదికి పిల్లల్ని లాగుతాయా? రాష్ట్రం పోటీల్లో మా పిల్లలే ముందుంటారు. ఎందుకో తెలుసా? ఈ ఇంజన్ లాగే మోకుని పట్టుకున్న చెయ్యి ఇంక దేన్నీ వదలదు. అంతే జోరుగా లాగేది ఇంకోటి తెచ్చి, నువ్వే బిగించి, నాకు చూపించు. అప్పుడు పట్టుకుపో.”

బావ మార్చిలో నన్ను వెంటేసుకుని మళ్లీ వెళ్లాడు, పాత కరెంటు మోటారు ఒకటి తీసుకుని. చవకగా వచ్చింది, చప్పుడు లేదు. పరీక్షకి ఐలి స్వయంగా మోకు పట్టుకుంది. సగం దారిలో జేబులోంచి సిగరెట్ తీసి వెలిగించుకుంది. పైకి చేరేసరికి అది అయిపోయింది. దిగి వచ్చి, “కింద బయల్దేరినప్పుడు నా వయసు డెబ్బై నాలుగు” అంది. మోటారు వెనక్కి తెచ్చుకున్నాం.

ఇక నా వంతు వచ్చింది. మా బస్సుల షెడ్డులో పాత స్కూలు బస్సొకటి తుక్కు కింద పోతోంది. ఒళ్లు పోయినా దాని డీజిల్ ఇంజన్ ఎద్దులా ఉంది. ఊళ్లో ఏ మిట్టా దాన్ని ఆపింది లేదు. తుక్కు ధరకి బావ చేత కొనిపించాను. మంచు కరిగిన బురదలో ఇద్దరం పది రోజులు ఆ గుట్ట మీద పనిచేశాం. నాకు నడుం పట్టేసింది. అక్క మాతో ఒక డబ్బా నిండా గసగసాల రొట్టెలు పంపింది. ఐలి ఒకటి తిని, కాసేపు ఆలోచించి, ప్రతి క్రిస్మస్‌కీ ఒక డబ్బా రావాలని షరతుల్లో కలిపింది. గుట్ట మీద మిగిలిన చివరి మంచు చార పక్కన మోకు తిరిగింది. ఐలి పట్టుకుంది. ఆమె పైకి వెళ్లింది, ఉన్ని టోపీ కింద మిగిలింది.

“ఇది పనికొస్తుంది,” అంది దిగి వచ్చి, టోపీ దులుపుకుంటూ. ఆమె నోట అంత పొగడ్త ఇంతకుముందు ఎవరూ వినలేదని పక్కింటివాళ్లు చెప్పారు.

ఆ ఏడూ, మరుసటి ఏడు సగమూ ఇంజన్ విప్పడానికీ, కడగడానికీ, లోపల అరిగినవన్నీ మార్చడానికీ పట్టింది. అక్క ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందని అడగడం మానేసింది, బావ చెప్పడం అంతకుముందే మానేశాడు. మా వైపు ఎండాకాలం చివర్లో ఒక ఆదివారం, చర్చి అయ్యాక, తాళం తిప్పాడు. మూడిళ్ల అవతల కుక్క మొరిగింది. మా అక్క వంటింట్లో గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. ఆమె గుమ్మంలోకి వచ్చి, చెవులు మూసుకుని, ఏదో అంది. వినపడలేదు. కానీ తిట్టేటప్పుడు ఆమె పెదాలు అలా వంగవు.

“ఇంకేం, అమ్ముదాం” అన్నాడు బావ.

అన్నది రెండు వేల ఎనిమిది సెప్టెంబరులో. ఆ నెలాఖరుకి టీవీలో పెద్ద పెద్ద బ్యాంకులు పేకమేడల్లా కూలిపోయాయి. అక్టోబరు వేలం నాటికి దేశంలో డబ్బున్నవాడు కూడా డబ్బు లేనట్టు నడుస్తున్నాడు. ష్యాంక్ ఫోన్ చేసి, “ఇప్పుడు వద్దు” అని చెప్పాడు. అది కూడా ఎడమ చెవికే పోయింది. పైగా, కనీస ధర పెట్టకపోతే వేలంవాళ్లు తమ వాటా కాస్త తగ్గిస్తారని తెలిసి, కనీస ధర పెట్టలేదు. పది పైసలు మిగుల్చుకోవడానికి రూపాయి పారేసుకోవడం మా బావకి చేతనైనంత బాగా ఇంకెవరికీ చేతకాదు.

వేలం పెద్ద హాల్లో. పాట పాడేవాళ్లకి మాంసం ముక్కలు దట్టించిన రొట్టె, బంగాళాదుంపలు, కాఫీ ఉచితమని ద్వారం దగ్గర బోర్డు పెట్టారు. నేను వెంటనే పేరు రాయించుకుని నంబరు అట్ట తీసుకున్నాను. సగం అక్కకి పెట్టాను. ఇద్దరం ముందు వరసకి దగ్గర్లో కూర్చుని తింటున్నాం. బావ కారుతోపాటు వేదిక వెనకాల ఉన్నాడు.

మా పక్కన నారింజ రంగు చొక్కా వేసుకున్న ఒకాయన తన స్నేహితుడితో అంటున్నాడు: “చవగ్గా వస్తే కొంటా. ఈ పాత ఇంజన్ తీసి తుక్కులో వేసి, కొత్తది పెట్టిస్తా. కింద ఇంతేసి చక్రాలు. లోపల టీవీ. పైన ఊదా రంగు.”

అక్క నమలడం ఆపింది.

పాట మొదలైంది. ఇరవై అయిదు దగ్గర ఊపిరి పీల్చుకుంది. ముప్ఫై అయిదు దగ్గర హాలు చల్లబడింది. నలభై దగ్గర నారింజ చొక్కా ఒక్కడే మిగిలాడు. పాటగాడు సుత్తి ఎత్తాడు.

“నార్బీ, చెయ్యెత్తు,” అంది అక్క.

“ఏంటి?”

“చెయ్యెత్తరా!”

“అక్కా, అది మన కారే!”

“ఊదా రంగంట్రా!” అని, నా మోచెయ్యి పట్టుకుని, రొట్టెతో సహా పైకి లేపింది. నలభై ఒకటి. నారింజ చొక్కా నలభై ఒకటిన్నర అన్నాడు. అక్క నా చేతిని జెండాలా మళ్లీ లేపింది. నలభై రెండు. నారింజ చొక్కా మా వైపు చూశాడు. అక్క అతని వైపు చూసింది. ఆ చూపుకి మా బావ ముప్ఫై ఎనిమిదేళ్లుగా అలవాటుపడ్డాడు కానీ, కొత్తవాడు తట్టుకోలేడు. సుత్తి పడింది.

కాసేపటికి బావ వచ్చాడు, కళ్లు ఎర్రగా, నవ్వు వంకరగా. “పోయింది లొరెటా. నలభై రెండుకే పోయింది. ఎవరో పిచ్చివాడు బంగారం లాంటి బండి కొట్టేశాడు.”

“ఆ పిచ్చివాణ్ణి నేనే బావా,” అన్నాను, ఆవాల ముద్ద చేతి మీదనుంచి తుడుచుకుంటూ.

బావ నన్ను చూశాడు. అక్కని చూశాడు. అక్క హాలు పైకప్పు చూసింది. వేలంవాళ్లు మాత్రం సంతోషంగానే ఉన్నారు. అమ్మినందుకు బావ దగ్గర ఒక వాటా, కొన్నందుకు నా దగ్గర ఒక వాటా. రెండూ కలిపి ఏడు వేల అయిదు వందల పైన. మా కారు మా గరాజులోంచి వేదిక ఎక్కి దిగి మళ్లీ మా గరాజుకే రావడానికి అయిన దారి ఖర్చు అది. అక్క తనకి మా అమ్మ ఇచ్చిపోయిన డబ్బు బ్యాంకులోంచి తీసి నా చేత కట్టించింది. అది తిరిగి తిరిగి బావ ఖాతాలో పడితే, మర్నాడే వెనక్కి లాక్కుంది. ఇంటికొచ్చే దారి పొడుగునా బావ ఒక్క మాటే అన్నాడు: “అమ్మమని ఇన్నేళ్లూ ఏడ్చింది నువ్వే కదే?”

“అమ్మమన్నాను. ఊదా రంగు వేయించమన్నానా?”

కాగితాల మీద కారు ఇప్పుడు నాది. పేరు మార్చాలంటే మళ్లీ సర్కారుకి పన్ను కట్టాలని బావ అలాగే ఉంచేశాడు. నేనూ ఆ హోదాని వృథా పోనివ్వలేదు. గరాజులోకి వెళ్లినప్పుడల్లా వేలితో బానెట్ మీద రాసి, “నా బండి మీద దుమ్ముంది బావా” అనేవాణ్ణి. శుక్రవారాల్లో వేపుడు చేపల విందుకి అక్క దాన్ని నడుపుకుంటూ చర్చికి వచ్చేది, తలకి రుమాలు కట్టుకుని. ఎర్ర దీపాల దగ్గర పక్క కుర్రాళ్లు ఇంజన్ రెచ్చగొడితే, ఆమె ముందు చూస్తూనే ఒక్కసారి కాలితో నొక్కేది. కుర్రాళ్లు తగ్గిపోయేవాళ్లు. బావ మాత్రం పక్క సీట్లో తలుపు పిడి పట్టుకుని, “మైళ్లు పెరుగుతున్నాయి, మైళ్లు పెరుగుతున్నాయి” అని గొణిగేవాడు.

ఏడేళ్లు గడిచాయి. ఒక శనివారం మధ్యాహ్నం టొలీడో నుంచి ఒక పళ్ల డాక్టరు వచ్చాడు, ఎక్కడో విని. మర్యాదస్తుడు, మాకు పడని పక్క రాష్ట్రం ఒహాయో మనిషైనా. కారు చుట్టూ తిరిగాడు, నంబర్లు చూశాడు, అరవై అయిదు వేలు అన్నాడు. అక్క వంటింట్లో పిండి కుడుములు వేయిస్తోంది. బావ అక్కడికక్కడే “సరే” అన్నాడు. కుడుములు బల్ల మీదికి వచ్చేసరికి బేరం అయిపోయింది.

మేమందరం ఆయన కారుని ప్రాణంకంటే ఎక్కువగా చూసుకుంటున్నాడని అనుకున్నాం. కన్నీళ్లు వస్తే ఆయనకే రావాలి. కానీ ఏడ్చింది మా అక్క.

“ఒక్క మాట అడగొద్దా నన్ను?”

“అమ్మితే అమ్మానంటావు, అమ్మకపోతే అమ్మలేదంటావు.”

“నీకు బాధగా లేదూ?”

బావ నిజంగానే ఆలోచించాడు. “ఇంజన్ దొరికాక దాంట్లో ఇంకేం ఉంది లొరెటా? రోజూ దుమ్ము తుడవడమేగా.”

పళ్ల డాక్టరు చెక్కు రాయబోయి, బండి ఎవరి పేర ఉందని అడిగాడు. అక్కా బావా ఇద్దరూ నా వైపు తిరిగారు. అరవై అయిదు వేల డాలర్ల చెక్కు నా పేర రాసి, నా చేతిలో పెట్టి, నాతో కరచాలనం చేసి వెళ్లిపోయాడు. బ్యాంకు అప్పటికే కట్టేశారు. మళ్లీ సోమవారం పొద్దునే తెరవడం.

“నేను ఇంటికెళ్లొస్తా అక్కా” అన్నాను, చెక్కు జేబులో పెట్టుకుంటూ.

“ఎక్కడికీ వెళ్లవు” అంది అక్క. సోఫా మీద దుప్పటి పరిచింది. రెండు రాత్రులు అక్కడే పడుకున్నాను. బావ ఎదురుగా కుర్చీలో టీవీ చూస్తున్నట్టు కూర్చుని నా జేబు చూశాడు. నేను స్నానానికి వెళ్తే తలుపు బయట దగ్గు వినిపించేది. నా జీవితంలో నాకు అంత మర్యాద జరిగింది ఆ రెండు రోజులే. అడక్కుండానే సాసేజీలు, గుడ్లు, రెండోసారి కాఫీ. సోమవారం బ్యాంకుకి ముగ్గురం వెళ్లాం, నేను మధ్యలో. కౌంటర్ అమ్మాయి మమ్మల్ని చూసి, “అంతా బాగానే ఉందా సార్?” అని నన్ను మెల్లిగా అడిగింది.

మరుసటి వసంతంలో అసలు సంగతి బయటపడింది. సర్కారు కళ్లకి కారు కొన్నది నేను, అమ్మింది నేను, లాభం తిన్నది నేను. వేలంవాళ్ల వాటాతో కలిపి నలభై ఆరు వేలు పెట్టి కొని అరవై అయిదుకి అమ్మిన ఘనుణ్ణి. నా మీద అయిదు వేల పైన పన్ను పడింది. ఆ కాగితం పట్టుకుని బావ ఇంటికెళ్లాను. బల్ల దగ్గర ముగ్గురం కూర్చుని, పన్నెండేళ్లలో మొదటిసారి, మొత్తం లెక్క వేళ్ల మీద వేశాం. తుప్పు, రంగు, నెబ్రాస్కా దీపం, బస్సు ఇంజన్, వేలంవాళ్ల వాటాలు. అంతా కలిపితే యాభై ఎనిమిది దాకా తేలింది. అంటే ఏడు వేల లాభం. అందులోంచి నా పన్ను తీసేస్తే పద్దెనిమిది వందలు. ఏడేళ్ల బీమా లెక్కలో రాలేదని గుర్తు చేద్దామని నోరు తెరిచాను. బావ కుర్చీ కొద్దిగా జరుపుకుని, ఎడమ చెవి నా వైపు పెట్టాడు.

“మరి నీ పని గంటలు?” అంది అక్క.

“నేను పని చేసింది ఎప్పుడు? రిటైరయ్యా కదా.”

ఆ పద్దెనిమిది వందలతో వేడినీళ్ల బాయిలర్ మార్పించాడు, పాతది కారుతోంది. ఇప్పుడు పాత కార్లు బాగుచేస్తే గిట్టుబాటవుతుందా అని అడగడానికి ఎక్కడెక్కడినుంచో కుర్రాళ్లు ఆయన దగ్గరికి వస్తుంటారు. బావ వాళ్లని నేలమాళిగలోకి తీసుకెళ్లి, మెట్ల కింద దీపం వేసి, ఆ బాయిలర్‌ని అరచేత్తో తడుతూ చూపిస్తాడు.

“అప్పు లేదు, సప్పు లేదు. మొత్తం లాభంలోదే,” అంటాడు.

పైన వంటింట్లోంచి అక్క కేకేస్తుంది. “ఎంత సేపు పట్టిందో కూడా చెప్పు కాజ్!”

ఆ మాట మాత్రం ఆయనకి వినపడదు.